పక్కన పెట్టిన గింజలు

వడ్రంగిపిట్ట కొట్టినట్టు ఉంటుందమ్మా, అంతకు మించి ఏమీ ఉండదు అన్నాడు డాక్టర్ రవికుమార్ మొదటి రోజున. ఆ రోజు సుబ్బరత్నం ఏ మాటకూ బదులు చెప్పే స్థితిలో లేదు కనుక ఆ పోలిక అలా చెల్లిపోయింది. ఈ రోజు, చివరి విడత రోజున, అదే కుర్చీలో తల వెనక్కి ఆనించి, చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకొని, ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న ఆ అయస్కాంతపు కాయిల్ ఎడమ నుదుటికి పైన బరువుగా ఆనుకొని ఉండగా, ఆ మాట అన్నవాడు జన్మలో వడ్రంగిపిట్టను విని ఉండడని ఆమెకు స్పష్టంగా తెలిసిపోయింది. వడ్రంగిపిట్ట కొట్టి ఆగుతుంది, ఆగి తల పక్కకు వంచి బెరడు కింద పురుగు మెదిలిందా లేదా అని వింటుంది, విన్నాక చోటు మార్చుకుంటుంది. ఈ యంత్రం వినదు. టకటకటకమని ఒకే చోట కొడుతుంది, ఊపిరి తీసుకోవడానికన్నట్టు కాసేపు ఆగుతుంది, మళ్ళీ అక్కడే కొడుతుంది. వినకుండా కొట్టేవాళ్ళ మధ్య నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఇందులో కొత్త ఏముంది. ఒక్క తేడా ఉంది. ఇది కొట్టినందువల్ల ఆమె లేచి కూర్చుంది.

ఆ సంగతి ఆమెకు తెలుసు, ఈ ఖమ్మం ఆసుపత్రిలో ఇంకెవరికీ తెలియదు. ఈ విడత అయిపోగానే పక్క గదిలో డాక్టరు తీర్పు చెప్పబోతున్నాడు, సాక్ష్యం చెప్పబోయేది భర్త చెంచురామయ్య, కోడలు నాగలత. పొద్దున కారులో సత్తుపల్లి దాటగానే వాళ్ళిద్దరూ ఆ సాక్ష్యాన్ని ఆమె ముందే కుదుర్చుకున్నారు, కారులో మూడో మనిషి లేనట్టే. ఈ మాగ్నెట్టు పని చెయ్యలేదని తేల్చి చెప్పేద్దాం అమ్మా, హైదరాబాదు తీసుకుపోయి కరెంటే పెట్టిద్దాం, అని మామగారు. తొందరగా పెట్టించాలి మామయ్యగారూ, నవమి దగ్గరకొచ్చేసింది, అని కోడలు. ఆమె కిటికీలోంచి పామాయిల్ తోటల వరసలు చూస్తూ కూర్చుంది. ఒకే ఎత్తు, ఒకే దూరం, ఒకే ఆకుపచ్చ. ఆ వరసలంటే తనకు అసహ్యమని చాలాకాలం తర్వాత గుర్తుకు వచ్చింది. ఆ అసహ్యం ఎంత హాయిగా ఉందో వాళ్ళకు చెప్పి ప్రయోజనం లేదు.

టకటకటక. ఎడమ కనుబొమ దానంతట అది ముడుచుకుంది. దుర్గ దగ్గరకు వచ్చి కాయిల్‌ను వెంట్రుకవాసి జరిపింది. ఇల్లందు అవతలి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి ఈ యంత్రం నడిపే పిల్ల, నోటికి తాళం లేదు.

"నొప్పి లేస్తుందా అమ్మా?"

"లేదు."

"అవ్, మీకు అలవాటైపోయింది. గట్లనే కదలకుండ కూసోండ్రి." తెర వైపు చూసి మళ్ళీ అంది. "మీ సారు బయట సంచి ఒళ్ళో పెట్టుకొని కూసున్నడు. ఏముంది దాంట్ల అని అడిగితే వడ్లు అంటడు. మా డాక్టరుసాబ్‌కు కౌలు కట్టనీకి వచ్చిండా ఏంది?"

సుబ్బరత్నానికి నవ్వు రాలేదు కానీ, నవ్వు రావలసిన చోటు ఎక్కడుందో తెలిసింది. వడ్లు తెచ్చాడన్నమాట. ఆసుపత్రికి. సాక్ష్యంతో పాటు వస్తువు కూడా.

మొదటి రోజున ఈ కుర్చీలోనే ఆమె కుడి బొటనవేలు ఎగిరింది. మెదడులో చేతిని కదిలించే చోటు వెతికి, అక్కడ అయస్కాంతపు దెబ్బ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతారు, ఏ బలం దగ్గర బొటనవేలు తనంతట తాను ఉలిక్కిపడుతుందో ఆ బలాన్ని బట్టి చికిత్స మోతాదు కడతారు. కుర్చీ చేతిమీద వెల్లకిలా పెట్టిన అరచేతిలో ఆ వేలు ఒక్కసారి గెంతింది, పడింది సార్ అంది దుర్గ, డాక్టరు తల ఊపాడు. తన వేలు తన ప్రమేయం లేకుండా కదలడం చూస్తే భయం వేస్తుందేమోనని వాళ్ళు ఆమె ముఖంలోకి చూశారు. భయం ఎందుకు వేస్తుంది. అంతకుముందు మూడేళ్ళు ఆ వేలు చేసింది అదే. ధాన్యపు గింజకు రెండు పొట్టులు, పెద్దది చిన్నదాన్ని అంచుల దగ్గర పట్టుకొని ఉంటుంది, ఒక చెయ్యి ఇంకో చేతిని పట్టుకున్నట్టు; ఆ పట్టు ఉన్న గీత మీద గోరు ఆనించి నొక్కాలి, లోపలి గింజ ముక్కు విరగకుండా. సత్తుపల్లి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన రోజుల్లో ఆ రెండు పొట్టుల బొమ్మ బల్లమీద ఎన్నిసార్లు గీసిందో. గీసినప్పుడు చేతిలో సుద్దముక్క ఉండేది, వెనక ఎవరో గుసగుసలాడేవారు, తిరిగి చూస్తే ఆగేవారు. ఒలిచినప్పుడు చేతిలో ఏమీ ఉండేది కాదు. గింజ కూడా ఉండేది కాదని చెప్పాలి.

అసలు ఎందుకు వచ్చింది ఇది మీకు, అని అందరికీ కావాలి. కారణం ఒకటి చేతికి దొరికితే దాన్ని తిట్టి ఇంటికి పోవచ్చు. రిటైరయ్యాక తోచక వచ్చిందన్నారు, పుస్తకాలు ఎక్కువ చదివితే వచ్చిందన్నారు, చెంచురామయ్య అక్కగారైతే ఎవరి దిష్టో అని కృష్ణా జిల్లా నుంచి ఫోనులోనే తేల్చేసింది. ఏ కారణమూ లేదు. దమ్మపేట ఇంటి వెనక దడి మీద పాకిన తీగ ఆకు ఒకటి తుంచి, అలవాటుగా తిప్పి చూస్తే, ఆకు ఉంది, ఈనెలు ఉన్నాయి, దాని పేరూ గుర్తుంది, ఆ పేరు చెప్పుకోవాలన్న కోరిక మాత్రం లేదు. ఆకును అక్కడే వదిలేసింది. తర్వాత కాఫీ, తర్వాత పత్రిక, తర్వాత మనుషులు. భద్రాచలం దారిలో అడవంతా మోదుగ పూసి ఎర్రగా మండిపోతుంటే, కారులో కూర్చొని, ఇది మోదుగ, ఇది ఎరుపు అని ఎవరో గోడమీద అంటించిన ప్రకటన చదివినట్టు చదువుకుంది. ఏడుపు రాలేదు. ఏడిస్తే ఎవరైనా అడిగేవారు. ఏడవని మనిషిని, ఎదురు చెప్పని మనిషిని, పిలిస్తే వచ్చి పెట్టింది తిని మళ్ళీ పోయి కూర్చునే మనిషిని ఆ ఇంట్లో ఎవరు అడుగుతారు.

అప్పుడు వచ్చాయి వడ్లు. సీతారాముల కల్యాణానికి గోటితో ఒలిచిన బియ్యం తలంబ్రాలుగా పంపుతారు. రోకలి తగలకూడదు, మర తగలకూడదు, గింజ విరగకూడదు. ఊళ్ళో ఇంటింటికీ పసుపు గుడ్డలో కాసిన్ని వడ్లు ఇచ్చిపోతారు, ఆడవాళ్ళు మధ్యాహ్నం కూర్చొని రామనామం చెప్పుకుంటూ, కబుర్లు కూడా చెప్పుకుంటూ ఒలుస్తారు. ఆమె అమ్మమ్మ ఒలిచేది. ఆ ముసలావిడ ఒక్కొక్క గింజను పెళ్ళికూతురి తలమీద చూసుకుంటూ ఒలిచేది, నవ్వుకునేది, వేళ్ళు సలిపితే రాముణ్ణి తిట్టేది. దానిలో మనిషి ఉంది. సుబ్బరత్నం ముందు పెట్టిన వడ్లను సుబ్బరత్నం ఒలిచింది, ఎందుకంటే అవి ముందు ఉన్నాయి. అయిపోతే ఇంకొన్ని పోశారు. మళ్ళీ ఒలిచింది. దీపాలు పెట్టేదాకా లేవలేదు, లేవడానికి కారణం కనపడలేదు కనుక. ఆ మూడేళ్ళలో ఒక్కసారైనా నామం ఆమె మనసులోకి రాలేదు, మరే మాటా రాలేదు. ఆ ఇల్లు దాన్ని తపస్సు అంది.

తలంబ్రాలు పంపే ఊరి కమిటీలో చెంచురామయ్య కుర్చీ ముందు వరసకు జరిగింది. మా ఇంటి తలంబ్రాలు అని అతను చెప్పేటప్పుడు ఆ ‘మా’ అనే మాట గొంతులో ఎంతసేపు తిరిగేదో. పెళ్ళయిన ఇన్నేళ్ళకు భార్యను గౌరవంగా చూడటం అప్పుడే మొదలుపెట్టాడు, ఆమె లేకుండా పోయాక. ఊరి ఆడవాళ్ళు వచ్చి ఆ మౌనం ముందు కూర్చునేవారు, పోతూ పోతూ పాదాలు ముట్టుకునేవారు. రత్నమ్మగారికి రాముడు పలుకుతున్నాడమ్మా, మన మాటలు ఎక్కడ వినపడతాయి అనేవారు. బొటనవేలికి గోరుచుట్టు లేచి చీము పట్టింది. నాగలత నిమ్మకాయకు రంధ్రం చేసి ఆ వేలికి టోపీలా తొడిగింది, తొడిగి, పళ్ళెం ఎడమ చేతి వైపు జరిపింది. ఆ జరపడం. దానిలో చెడ్డతనం ఏమీ లేదు, అదే దానిలోని ఘోరం. పిల్ల అత్తగారి వ్రతం చెడకూడదనుకుంది. సాయంత్రాలు చెంచురామయ్య కళ్ళజోడు పెట్టుకొని ఒలిచిన బియ్యం వేలితో కెలికి చూసేవాడు, ముక్కు పోయిన గింజ కనపడితే చూపుడువేలితో ఆమె వైపు నెట్టేవాడు. "విరిగింది. పక్కన పెట్టు." ఆమె పక్కన పెట్టేది. పక్కన పెట్టినవి పిచ్చుకలకు పోసేవారు. మూడేళ్ళలో భర్త ఆమెతో మాట్లాడిన మాటలు వరసగా పేర్చుకుంటే ఆ రెండే ఎక్కువసార్లు వస్తాయి.

టకటకటక. ఆగింది. పక్క గదిలో ఎవరిదో ఫోను మోగుతోంది, ఎవరూ తియ్యరు. దుర్గ చెయ్యి కడుక్కొని వచ్చి, "అయిపోవచ్చింది అమ్మా, జల్దీ ఇంటికి పోదురు" అంది. ఇంటికో, హైదరాబాదుకో.

ఆ చెయ్యి ఒకనాడు ఆగిపోయింది. పళ్ళెం ముందు చెయ్యి ఒళ్ళో ఉండిపోయింది, దాన్ని ఎత్తడం కొండను ఎత్తడమంత పని అయింది. అన్నం దగ్గరా అదే. అన్నం సంగతి ఎవరూ గమనించలేదు, వడ్ల సంగతి ఆ సాయంత్రానికే గమనించారు. పక్షవాతమేమోనని ఖమ్మంలో నరాల డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. చెయ్యి పడిపోయిందండి, అప్పటిదాకా లక్షణంగా ఉన్న మనిషి, అన్నాడు చెంచురామయ్య. మనిషి జబ్బు పడిందని ఆ ఇంటికి తెలిసింది అప్పుడు. ఆమె తెలివైన కొడుకు ఉదయ్ భాస్కర్ కూడా ఫోనులో చేతి గురించే అడిగాడు. నరాల డాక్టరు సుత్తితో మోకాళ్ళు కొట్టి, వేళ్ళు వంచి, ఫొటోలు తీయించి, చేతిలో ఏ లోపమూ లేదు, పైఅంతస్తులో రవికుమార్‌కు చూపించండి అన్నాడు. మానసిక వైద్యం అని ఉన్న పైఅంతస్తు బోర్డు చదివి చెంచురామయ్య మెట్ల మీదే ఆగిపోయాడు. చుట్టాలకు మెడ నరం అని చెప్పాడు, ఈనాటికీ అదే చెబుతున్నాడు. ఒక మందు వాడారు, మార్చి ఇంకొకటి వాడారు, దానికి మరొకటి జత చేశారు. నోరు ఎండింది, చేతులు వణికాయి, లోపల ఏమీ మారలేదు. మందులకు లొంగని డిప్రెషన్ అన్నాడు డాక్టరు. లొంగనిది అన్న మాట విని, ఈ ఇంట్లో ఎట్టకేలకు లొంగనిది ఒకటి దొరికిందని ఆమె అనుకోలేదు. అనుకునే శక్తి అప్పుడు లేదు. ఇప్పుడు అనుకుంటోంది.

ఈ యంత్రం మొదలుపెట్టాక చాలా రోజులు ఏమీ కాలేదు. తర్వాత ఒక ఉదయం, తల్లాడ దాటాక, రోడ్డు వెడల్పు చేసే చోట ఇప్పచెట్టు కొట్టేసి ఉంది. కాలేజీ పిల్లలను బస్సులో తీసుకుపోయేటప్పుడు ప్రతి ఏడూ ఆపి చూపించిన చెట్టు. ఇప్పపూలు రాలే కాలంలో కొట్టారు, పూలు రంపపు పొట్టు మీదే పడి ఉన్నాయి. ఏ వెధవ కొట్టించాడు దీన్ని, అంది సుబ్బరత్నం. పెద్దగా ఏమీ అనలేదు, మామూలుగానే అంది. నాగలత ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది, చెంచురామయ్య కారు నెమ్మది చేశాడు. మూడేళ్ళ తర్వాత ఆమె నోటి నుంచి అడగకుండా వచ్చిన మొదటి వాక్యం అది. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, అత్తయ్యకి ముదిరినట్టుందండీ అని ఆ సాయంత్రమే డాక్టరుకు ఫోను వెళ్ళింది. ఆయన జబ్బును అంకెల్లో కొలిచే కాగితంలో చిరాకు అన్న గడిలో ఒక అంకె పెంచాడు. కోపం ఇంటిదాకా వెంట వచ్చింది. కాఫీ పాచిపోయిందని గుర్తుపట్టింది, పత్రికలో తప్పుడు వార్తను పట్టుకుంది, గోడమీద తన పుస్తకాల బీరువా ఉన్న చోట కమిటీ ఫొటో ఉండటం చూసి, బీరువా ఏదని అడిగింది. పసుపు గుడ్డలో వడ్లు తెచ్చి ముందు పెడితే గుడ్డ మూట కట్టి వెనక్కి ఇచ్చింది. దానితో రుజువు అయిపోయింది. చెయ్యి మళ్ళీ పడిపోయింది, మాగ్నెట్టు దండగ.

కరెంటు అంటే ఆమెకు భయం లేదు. చదివింది. మత్తు ఇస్తారు, కండరాలు సడలిస్తారు, మెదడుకు కొన్ని క్షణాలు మూర్ఛ తెప్పిస్తారు. సినిమాల్లో చూపించినట్టు కట్టేసి హింసించరు. అన్నం మానేసి చావుకు చేరువైన వాళ్ళను అది వెనక్కి తెచ్చింది. చెయ్యి ఆగిన రోజున పెట్టించి ఉంటే చేతులెత్తి మొక్కేది. కొంత జ్ఞాపకం పోవచ్చునని కూడా చదివింది, ఏది పోతుందో ముందు చెప్పలేరు. జబ్బు ఉన్నప్పుడు అది ఇవ్వదగిన వెల. ఇప్పుడు, జబ్బు వదిలిన మనిషికి, వడ్లు ఒలవనందుకు ఇవ్వదగిన వెల కాదు. పోయేది ఆ మూడేళ్ళ జ్ఞాపకమే అయితే, ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలిసిన మనిషి ఇక మిగలదు. ఆ నిమ్మకాయ ఆమెకు కావాలి.

యంత్రం ఆగింది. ఈసారి మళ్ళీ మొదలుకాలేదు. దుర్గ కాయిల్ ఎత్తి, చెవుల్లో బిరడాలు తీసి, జుట్టు సవరించింది. "పోయిరాండ్రి అమ్మా. మళ్ళ రాకుండ్రి."

డాక్టరు గదిలో బల్లకు ఇవతల మూడు కుర్చీలు. రవికుమార్ కాగితం చూస్తూ నాగలతనే అడిగాడు. "ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి ఎలా ఉంది?"

"అసలు లేదండీ. అంతకుముందు పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేవారు కాదు."

"చిరాకు?"

"నిన్న వంకాయకూర బాగోలేదని నా మొహం మీదే అన్నారండీ."

"బాగోలేదు గనక," అంది సుబ్బరత్నం. డాక్టరు తల ఎత్తలేదు, అంకె వేశాడు.

"ఇవన్నీ కాదు డాక్టరుగారూ, నేను చూపిస్తాను చూడండి," అని చెంచురామయ్య సంచి విప్పాడు. ఇత్తడి పళ్ళెం తీసి బల్లమీద పెట్టి, గుప్పెడు వడ్లు పోశాడు. "మూడేళ్ళు బస్తాలకు బస్తాలు ఒలిచిన చెయ్యండి ఇది. ఇప్పుడు ముట్టుకోదు. మళ్ళీ పడిపోయినట్టే గదండి?"

పళ్ళెం చూశాక డాక్టరు ఆ రోజు మొదటిసారి ఆమె వైపు చూశాడు. "చెయ్యి రావడం లేదామ్మా?"

సుబ్బరత్నం ఒక గింజ తీసుకుంది. గీత మీద గోరు ఆనించి నొక్కింది. పొట్టు రెండుగా విడిపోయింది. ముక్కు చెదరని బియ్యపు గింజను ఆయన కాగితం మీద, అంకెల పక్కన పెట్టింది.

"చెయ్యి వస్తుంది. నాకు ఇష్టం లేదు."

"ఇష్టం లేకపోవడం కూడా జబ్బేనంట అత్తయ్యా," అంది నాగలత మెల్లగా. "డాక్టరుగారే చెప్పారు."

"కాదు. జబ్బులో ఉన్నప్పుడు నాకు ఇష్టం లేదని కూడా తెలియదు. మూడేళ్ళు తెలియకుండా ఒలిచాను. వీళ్ళు దాన్ని భక్తి అనుకున్నారు."

డాక్టరు కలం ఆగింది. కాగితాలు వెనక్కి తిప్పి మొదటి పుట చూశాడు. "చెయ్యి ఆగిన రోజు నుంచే జబ్బని కదా మీరు చెప్పింది. అంతకుముందంతా ఆరోగ్యంగా ఉన్నారని."

"దేవుడి పనండి అది," అన్నాడు చెంచురామయ్య. "జబ్బెట్లా అవుద్ది?"

రవికుమార్ కాగితాలు మళ్ళీ ముందుకు తిప్పాడు. తను వేసిన అంకెలను ఒక్కొక్కటిగా చూశాడు, ఆ బియ్యపు గింజను చూశాడు, తర్వాత ఆ వరస అంతటి మీదా అడ్డంగా ఒక గీత గీశాడు. "హైదరాబాదు సంగతి ఇప్పుడు వద్దు. వచ్చే వారం అమ్మగారు ఒక్కరే రావాలి. నేను ఆమెతోనే మాట్లాడాలి. ఇదివరకే మాట్లాడవలసింది."

ఆ చివరి మాట సుబ్బరత్నం విన్నది. క్షమించలేదు. వచ్చే వారం వచ్చి, ఆ సంగతీ ఆయనకు చెబుతుంది.

"మరి నవమికండి?" అన్నాడు చెంచురామయ్య. "ఇంకా వడ్లు అట్లాగే ఉన్నాయి. ఊళ్ళో ఏం చెప్పాలి నేను?"

ఆమె పళ్ళేన్ని చెంచురామయ్య ముందుకు జరిపింది. నాగలత జరిపినంత మృదువుగా జరిపింది. "మీరు ఒలవండి."

డాక్టరు చూస్తున్నాడు. కోడలు చూస్తోంది. ఇంతమంది ఎదుట ఇంత చిన్న పనికి వెనకాడటం చెంచురామయ్యకు చేతకాలేదు. కళ్ళజోడు తీసి పెట్టుకొని, ఒక గింజను రెండు వేళ్ళ మధ్య ఇరికించి, కురచగా కత్తిరించిన మందపాటి గోటితో నొక్కాడు. జారింది. మళ్ళీ పట్టుకొని, పెదవి బిగించి, ఇంకా గట్టిగా నొక్కాడు. చిన్న చప్పుడయింది. వేళ్ళు విప్పి చూశాడు.

సుబ్బరత్నం ముందుకు వంగి, అతని అరచేతిలోకి శ్రద్ధగా చూసింది.

"విరిగింది," అంది. "పక్కన పెట్టండి."